ఫలితం చెప్పినవాడి పాలు

హెలిబెర్తో తిబదూయిసా పాల లారీ కోంబిత కొండ మీది ఇరవై మూడు ఇళ్ళ ముందు ఆగుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే డెయిరీలో పాలు దించి ఇల్లు చేరేసరికి పదకొండవుతుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అంతకుముందు సైకిలు పందేల్లో తొక్కేవాడు. పెద్ద పేరేమీ రాలేదు. మోకాలు పోయాక మామగారి లారీ ఎక్కాడు.

యూరప్‌లో పందేలు జరిగే వేళ ఇక్కడ పాలు పోసే వేళ. అందుకని ఏ పందెమూ అతడు జరుగుతుండగా చూడలేడు. ఇంటికొచ్చాక ఫోనును టీవీకి తగిలించి మొదటినుంచి పెట్టుకుంటాడు. కాని పందేలు చూపించే ఆ యాప్‌కు ఒక పాడు బుద్ధి ఉంది, తెరవగానే గెలిచినవాడి మొహం చూపిస్తుంది. అతడు గోడవైపు తిరిగి కూర్చుంటే, భార్య ఎడెల్మీరా పందెం మొదలుపెట్టి "ఇక తిరగండి" అంటుంది. ఫలితం ఆమెకు ఎప్పుడూ ముందే తెలుసు. మొహంలో మాత్రం పొక్కనివ్వదు.

ఇక మిగిలింది రేడియోలు వినే పాడిరైతులు. వాళ్ళకోసం అతడు ఒక నియమం పెట్టాడు, ఫలితం చెప్పినవాడి పాలు ఆ రోజు ఎత్తను అని. వేళాకోళమనుకున్నారు. ఒక పొద్దున కాంపో ఎలియాస్ అనే రైతు క్యాను మూత తీస్తూనే, "మనవాడు మూడోవాడటగా దోన్ హెలిబెర్తో!" అన్నాడు. హెలిబెర్తో మూత పెట్టేసి లారీ కదిలించాడు. నలభై లీటర్లు. "పాలన్నీ విరగ్గొట్టాను. వారం రోజులు పొద్దున జున్ను, రాత్రి జున్ను. ఆ నోటికి ముందే బిరడా పెట్టి ఉంటే సరిపోయేది" అని కాంపో ఎలియాస్ భార్య ఊరంతా చెప్పుకుంది. ఆ తర్వాత పందేల కాలంలో ఆ కొండ మీద అందరూ వానల గురించి, ఆవుల ఈతల గురించే మాట్లాడేవారు.

ఈ జూలైలో అతని కూతురు యుర్లేయ్ ఇటలీలో ఆడవాళ్ళ పెద్ద పందెంలో ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. మూడు రోజులు జట్టులో మిగతావాళ్ళకు నీళ్ళ సీసాలు అందిస్తూ తొక్కింది. నాలుగోనాటి ముందు ఫోన్ చేసి, "రేపు కొండ దగ్గర నాకోసం నేను తొక్కుకోవడానికి వదిలేస్తారట నాన్నా. బాగా తొక్కితేనే వచ్చే ఏడు కూడా ఉంచుకుంటారు. చూస్తారుగా?" అంది.

మర్నాడు మొదటి తొమ్మిది ఇళ్ళూ మామూలుగానే గడిచాయి. పదో ఇంటావిడ దోన్యా ట్రాన్సిటో లారీ చప్పుడు వినగానే రేడియో కట్టేసింది. అడక్కుండానే వేడి బెల్లం నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది.

"తాగండి. చలిగా ఉంది."

"ఈ కొండ మీద చలి లేనిదెప్పుడమ్మా?"

ఆమె గబగబా లోపలికి వెళ్ళిపోయింది. యుర్లేయ్ గెలిచిందనుకున్నాడు హెలిబెర్తో. సంతోషం దాచుకోవడం మనుషులకు కష్టం కదా. ఆ తలపుతోనే రెండిళ్ళు దాటాడు.

కాంపో ఎలియాస్ తన క్యానులు తానే మోసుకొచ్చి లారీ పక్కన పెట్టాడు. అలా ఎన్నడూ చేసిన మనిషి కాదు. హెలిబెర్తో కావాలనే గిల్లాడు.

"ఇవాళ నీళ్ళు కలిశాయి."

"కలిసే ఉంటాయి లెండి."

పాతికేళ్ళలో ఆ ఒక్క మాట మీదే వాళ్ళిద్దరూ పోట్లాడని రోజు లేదు. పాలు వంచుతున్న హెలిబెర్తో చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?"

"నేనేం చెప్పను. నలభై లీటర్లు."

"పాలు ఎత్తుతానయ్యా, చెప్పు."

"చెప్పించుకుని వదిలేస్తారు. మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

"పిల్ల బతికుందా?"

"అయ్యో, అవేం మాటలు! బతికే ఉంది!" అని కాంపో ఎలియాస్ నోరు మూసుకున్నాడు. "ఇంటికి ఫోన్ చేసుకోండి. ఇంకేమీ అడక్కండి."

ఎడెల్మీరా వెంటనే ఎత్తింది. "పడింది. డాక్టర్ల దగ్గరుంది, నాతో మాట్లాడింది. మిగతాది మీకు తనే చెబుతుందట."

"పిల్ల పడితే కూడా చెప్పొద్దన్నానా నేను?"

"నియమం పెట్టినప్పుడు ఆ ముక్క చేర్చలేదు మీరు."

ఇంకా పది ఇళ్ళున్నాయి. పాలు ఆగవు. అతడు అన్ని ఇళ్ళకూ వెళ్ళాడు, అన్నిచోట్లా కొలిచాడు, వడగట్టాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళను కోరింది ఇదే కదా అనిపించింది. ఇవాళ అది క్యానులకంటే బరువుగా ఉంది.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఫోన్ మోగింది.

"చూశారా నాన్నా?"

"చూడడమేమిటి! ఎలా ఉన్నావు?"

"భుజం ఎముక విరిగింది. అతుక్కుంటుంది. ముందు పందెం చూడండి, తర్వాత మాట్లాడదాం."

"నువ్వు పడేది నేను చూడలేను తల్లీ."

"పడకముందు నలభై నిమిషాలుంది. అందులో ఏముందో నేను చెప్పను. ఎవర్నీ చెప్పనివ్వొద్దని అమ్మకు చెప్పాను. చూడండి."

చూశాడు. వాన పడుతోంది. కొండ మొదట్లో ముందు గుంపులో పదకొండు మంది, సగానికి అయిదుగురు. అంతలో యుర్లేయ్ సీటు మీంచి లేచి ముందుకు వెళ్ళిపోయింది. వ్యాఖ్యాతకు ఆమె ఇంటిపేరు నోరు తిరగడం లేదు. హెలిబెర్తో ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలీదు. శిఖరం మీద ఆమె మొదటిది. దిగుడులో మొదటి మలుపు, రెండోది, మూడోది. చక్రం జారింది. రాతిగోడకు ఆనుకుని, చెయ్యి పట్టుకుని కూర్చుంది పిల్ల.

ఎడెల్మీరా మొహం తిప్పుకుంది. అతడు ఆ మలుపును మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి కూతురికి ఫోన్ చేశాడు.

"తడిసిన తెల్లగీత మీద బ్రేకు ఎందుకు వేశావు?"

"అబ్బా, నవ్వించకండి, నొప్పి." నవ్వు ఆపుకుని అడిగింది. "ఎక్కడం చూశారా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

హెలిబెర్తోకు మెచ్చుకోవడం అలవాటు లేదు. "ఆఖరి కిలోమీటరులో మోచేతులు బయటికి పోయాయి" అన్నాడు. ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "కాని నీ వెనక ఎవరూ లేరు. నేను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ఎవరూ లేరు."



"మళ్ళీ చెప్పండి" అంది యుర్లేయ్.