మూడో వారం హోంవర్కు: వినడం

మా ఆఫీసువాళ్లు నా చేత బలవంతంగా ఒక ఆన్‌లైన్ కోర్సు చేయించారు. మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పే కోర్సు. నలభై ఏళ్లుగా మాట్లాడుతున్నవాణ్ణి, ఒళ్లు మండదా? సోమవారం వీడియో చూడాలి. బుధవారంలోగా చర్చలో ఒక అభిప్రాయం రాయాలి. శనివారంలోగా ముక్కూ మొహం తెలియని ఇద్దరి అభిప్రాయాలకు జవాబివ్వాలి. ఆదివారం ఇంట్లో అభ్యాసం చేసి డైరీ పంపాలి.

మూడో వారం అభ్యాసం, వినడం. ఎదుటివాళ్లు చెప్పేది అడ్డుపడకుండా విని, సలహా ఇవ్వకుండా, అదే సంగతి తిరిగి వాళ్లకే చెప్పాలట. ఆ ఆదివారం పొద్దున చంద్రగిరిలో మా ఇంట్లో నాకు దొరికింది మా నాయనే.

"తోటలో మోటారు కాలిపోయిండాది రా. మెకానిక్కు ఫోనెత్తడం లే," అన్నాడు.

"అంటే మోటారు కాలిపోయిండాది, మెకానిక్కు పలకడం లే అంటావు," అన్నాను.

"అదే కదరా నేను చెప్పినాను!"

"అంటే, ఆ మాట ముందే చెప్పినానంటావు."

నాయన నాకు ఇంకా దగ్గరికి జరిగాడు. ఆ తర్వాత ఒక్కో మాటా గట్టిగా, విడివిడిగా చెప్పసాగాడు. నేనూ వదల్లేదు, అన్నీ తిరిగి అప్పజెప్పాను.

మంగళవారం మార్కులొచ్చాయి, పదికి పది. చాలా శ్రద్ధగా విన్నారని టీచరు మెచ్చుకున్నారు. ఆ సంగతి చెబుదామని వెళితే, నాయన అప్పటికే చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు:

"మోటారు సంగతి మళ్లీ సూద్దాం. తిరుపతిలో చెవుల డాక్టరు దగ్గర టోకెన్ తీసినాను, పదరా!"