ఎర్హూకి సెలవిచ్చిన రోజు

ఆ రోజుల్లో నాకు రాని విద్య ఉండదనే ధీమా ఉండేది. వచ్చిన విద్య ఒక్కటీ లేకపోవడం దానికి అడ్డమయ్యేది కాదు. ఉద్యోగం కోసం కాన్‌బెర్రా వచ్చి, హారిసన్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న కొత్త. గోడ అవతలి చైనా ఆంటీ సాయంత్రాలు ఎర్హూ వాయించేవారు. రెండే తీగలు, అడుగున చర్మం బిగించిన చిన్న డబ్బా. తొడ మీద నిలబెట్టుకుని కమానుతో వాయించాలి. చిన్నప్పుడు వీణ మీద నాలుగు గీతాలు నేర్చుకున్నదాన్ని, రెండు తీగలు నాకో లెక్కా అనుకుని ఆవిడ దగ్గర చేరాను.

లెక్కే అయ్యాయి. కమాను వెంట్రుకలు ఆ తీగల మధ్యలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఒకదాన్ని పలకరిస్తే రెండోదీ పలికేది. పైగా ఆంటీ కదలకుండా నిలపమన్న ప్రతి స్వరాన్నీ వీణ అలవాటుకొద్దీ గమకంతో ఊపేసేదాన్ని. "నీ స్వరానికి చలేస్తోందా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగేవారు ఆవిడ. అయినా ఓపిగ్గా తన పాత ఎర్హూ నాకిచ్చి, మా పేట హాల్లో జరిగే సంగీత సాయంత్రానికి తన పేరుతో పాటు నా పేరూ ఇచ్చారు (ఇవ్వమని వెంటపడింది నేనే). నేను ఆఫీసులో టీమ్ మొత్తాన్నీ పిలిచేశాను. మా మేనేజరు భార్యాసమేతంగా వస్తానన్నాడు.

సరిగ్గా ఆ రోజే మహర్నవమి. నన్ను చూడ్డానికి రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మ ఇంట్లో ఉంది. నేను స్నానం చేసి వచ్చేసరికి సరస్వతీదేవి పటం ముందు నా లాప్‌టాప్, దాని పక్కన ఎర్హూ, ఆ డబ్బా చర్మం నడుమ గుండ్రంగా కుంకుమ బొట్టు (అది కొండచిలువ చర్మమని అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు).

సాయంత్రం వాయించాలన్నాను. "పూజలో పెట్టింది రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదే. ఆ మాత్రం తెలీదూ?" అంది అమ్మ. బతిమాలాను, అలిగాను, ఆఫీసులో నా పరువేం కావాలని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అమ్మ తాపీగా పులిహోర కలుపుకుంది. ఇంతలో నన్ను తీసుకెళ్ళడానికి ఆంటీ రానే వచ్చారు. తన వాయిద్యానికి బొట్టు చూసి ఏమంటారోనని భయపడ్డాను. ఇవాళ చదువుల తల్లి పూజ అనీ, ఆవిడ ముందు పెట్టినవి రేపటిదాకా ముట్టుకోకూడదనీ నీళ్ళు నములుతూ చెప్పాను.

ఆంటీ చెప్పులు విప్పి పటం ముందు కాసేపు నిలబడ్డారు. తర్వాత గబగబా ఇంటికెళ్ళి తన ఎర్హూ కూడా తెచ్చి పక్కన పెట్టారు. "దీనికీ బొట్టు పెట్టమను. ఇవాళ రెండింటికీ సెలవు" అన్నారు. మేం రావడం లేదని హాలుకి ఫోనూ ఆవిడే చేశారు. అమ్మ పొంగిపోయింది. ఒకరి భాష ఒకరికి రాకుండానే ఇద్దరూ పులిహోర ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఓ మూల కూర్చుని, మన ఆచారం కోసం ఆంటీ ఎంత త్యాగం చేశారోనని కుమిలిపోయాను.

మొన్న పాత ఫోను చూస్తుంటే ఆ వారం నేను చేసిన సాధన తాలూకు రికార్డింగు దొరికింది. గర్వంగా మా అమ్మాయికి వినిపించాను. "అమ్మా, ఈజ్ సమ్‌వన్ హర్ట్?" అని కంగారుగా అడిగింది. నేను చివరిదాకా విన్నాను. ఏదో అనుమానం వచ్చి, ఇప్పుడు కూతురి దగ్గర మెల్‌బోర్న్‌లో ఉంటున్న ఆంటీకి ఫోన్ చేసి, ఆ రోజు మీ ఎర్హూ ఎందుకు తెచ్చిపెట్టారని అడిగాను.

ఆవిడ చాలాసేపు నవ్వారు. "మీ అమ్మ పూజ చెయ్యకపోతే ఆ సాయంత్రం నాకు జ్వరం రావలసి వచ్చేది" అన్నారు.

నాకూ నవ్వాగలేదు. మూల కూర్చుని ఏడుస్తున్న ఆ పిల్ల దగ్గరికెళ్ళి, ఇంకో ముద్ద పులిహోర తినవే అని చెప్పాలనిపించింది.