ఏడో పొర రాతి మొన

గుహలో తవ్వేవాళ్లు ఎందరైనా ఉండవచ్చు. తవ్విన మట్టిలో ఆదిమానవుడు చెక్కిన రాయి ఏదో, దానంతటది పగిలిన రాయి ఏదో తేల్చే కన్ను మాత్రం ఆ మట్టిని జల్లించి రాళ్లు ఏరి కడిగే జల్లెడ పిన్నిదే. పెద్ద చదువులవాళ్లు అరగంట భూతద్దం పట్టి చూసిన రాయిని ఆమె బొటనవేలితో ఒకసారి తడిమి, "ఉత్త రాయండీ, పారేయండి" అనేది. ఇరవై రెండేళ్ల అనుభవం మరి. తవ్వకాలకు పెద్దయిన సారు, "పిన్ని చేతిలో పడ్డ రాయి దారి తప్పదు" అంటూ వచ్చినవాళ్లందరి ముందూ ఆమెను మునగచెట్టు ఎక్కించేవారు. ఎక్కాక ఆమె దిగేదీ కాదు లెండి.

గుహ నేలను పొరలు పొరలుగా తవ్వుతారు. కిందికి వెళ్లేకొద్దీ కాలం పాతది. ఒక్కో పొర రాళ్లను ఒక్కో పళ్లెంలో వేసి, కడిగి, ఆరాక వాటి మీద సిరాతో పొర నంబరు రాస్తారు. తడి రాతి మీద సిరా నిలవదు. ఆరేదాకా ఏ రాయి ఎక్కడిదో చెప్పేది ఆ పళ్లెమొక్కటే.

ఐదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం నాలుగో పొర పళ్లెమూ ఏడో పొర పళ్లెమూ గుహ బయటి షెడ్డులో బల్ల మీద పక్కపక్కన ఆరుతున్నాయి. పిన్ని ఫోన్లో కూతురితో, "నేను లేకపోతే వీళ్లకు పూట గడవదే" అని గొప్పలు పోతూ గిర్రున తిరిగింది. మోచెయ్యి తగిలి రెండూ కింద పడ్డాయి. ముప్పై ఒక్క రాళ్లు. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఏడో పొర మట్టి నలుపు కదా అని నల్లగా కనిపించినవన్నీ ఏడులో, తెల్లనివి నాలుగులో గబగబా సర్దేసింది. గంట పోయాక చూస్తే అన్నీ ఒకే రంగు! నల్లనివి అనుకున్నవి ఇంకా ఆరనివి, అంతే.

అప్పుడైనా చెప్పవచ్చు. కానీ మునగచెట్టు మీద ఉన్న మనిషి ఎలా చెబుతుంది? సిరా తీసుకుని నంబర్లు వేసేసింది.

ఏడో పొరగా రాసినవాటిలో వేలెడంత రాతి మొన ఒకటి ఉంది. అంత పాతకాలంలో అంత సన్నటి పనితనమా అని పండితులు ముక్కున వేలేసుకున్నారు. సారు పుస్తకం రాశారు. మొన అద్దాల పెట్టెలోకి చేరింది. పిన్నిని ఎవరైనా మెచ్చుకుంటే చాలు, సిగ్గుతో జల్లెడ పట్టుకుని పక్కకి తప్పుకునేది.

మొన్న సారు షెడ్డుకి వచ్చారు. "పిన్నీ, రేపు బయటి నిపుణులు వస్తున్నారు. పై పొర రాయి కిందిదాంట్లో కలిసిందేమోనని వాళ్ల అనుమానం. కడిగింది మీరేగా, ఏమీ కలవలేదని ఒక్క మాట చెప్పండి చాలు. మీ మాటంటే నాకెంత నమ్మకమో వాళ్లకి ముందే చెప్పాను."

ఆ నమ్మకమన్న మాటకు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కలిశాయి సారూ. పళ్లేలు నేనే పడేశాను. తోచినట్టు సర్దేశాను."

సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, ఆ మొన ఏ పళ్లెంలోది? నాలుగైతే నాలుగనే ఒప్పుకుంటాను" అన్నారు.

"తెలీదు సారూ."

"మీకు తెలీదా?"

చెక్కిన రాయేదో తేల్చే పిన్ని కన్నుకు అది ఏ పొరదో మాత్రం కనబడదు. నిజం చెప్పేస్తే ఎప్పటికైనా అంతా చక్కబడుతుందని ఐదేళ్లూ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఇప్పుడు చెప్పింది, చక్కబడేదేమీ లేదు.

"ఆరోజే చెప్పుంటే ఈ రాళ్లు పక్కన పెట్టేసేవాళ్లం పిన్నీ. అంతే" అన్నారు సారు. నాలుగు తిట్టినా బాగుండేది. రిజిస్టరు తెరిచి ఆమె ముందుకు జరిపారు. "ఏ పొరదో తెలియదు అని రాయండి. అన్నిటికీ."

ఒక్కొక్కటే రాసింది. మొన ఉన్న వరుస వచ్చేసరికి సారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అక్కడ కూడా పిన్ని అదే రాసింది.