దాదాపు అనని మనిషి

దశాంశం గారి నోట "దాదాపు" అన్న మాట ఎవరూ వినలేదు. "ఇంచుమించు", "ఓ పది", "కాస్త అటూ ఇటూ" లాంటివి ఆయన లెక్కలో బూతులు. "ఓ గంటలో వస్తా సార్" అని ఎవరైనా అన్నారంటే, కంట్లో కారం పడ్డట్టు విలవిల్లాడిపోయేవారు.

"ఓ గంట అంటే ఏ గంటయ్యా? అరవై నిమిషాలా, యాభై ఎనిమిదా? నేను కూచోవాలా, నిలబడాలా?"

వచ్చినవాడు బిక్కమొహం వేసుకుని పోయేవాడు. గంటకు కాదు కదా, ఆ వారంలో మళ్లీ కనిపించేవాడు కాదు.

ఆయన డాక్టరే కానీ మందులిచ్చే డాక్టరు కాదు. స్టేడియం వెనక ఒక పొడవాటి గది ఉంది. అందులో దూరపు పరుగులవాళ్లనీ, నడక పందేలవాళ్లనీ ట్రెడ్‌మిల్ ఎక్కించి, మూతికి గొట్టం తగిలించి, మనిషి వేగం దేనివల్ల పెరుగుతుంది, దేనివల్ల తగ్గుతుంది అని పరిశోధించేవారు. బూటు బరువు ఒక కారణం. ఎండ ఒకటి. నిద్ర, తిండి, తాగిన నీళ్లు, అడుగు పొడవు, ఊపిరి. ఇరవై రెండేళ్లలో ముప్పై తొమ్మిది కారణాలు తేల్చారు. పరిగెత్తినవాడు చెమట తుడుచుకున్న తువ్వాలును కూడా తూకం వేసేవారు. ఒకసారి ఒక కుర్రాడు తువ్వాలు ఇంటికి పట్టుకుపోతే, వెంటపడి వెళ్లి దండెం మీద ఆరేసినదాన్ని లాక్కొచ్చారు. తీరా చూస్తే వాళ్లమ్మ అప్పటికే ఉతికేసింది. ఆ కుర్రాడి లెక్క పక్కన ఇప్పటికీ "తల్లి వల్ల నష్టం" అని రాసి ఉంటుంది.

మరోసారి రోడ్డు మీద ఎవరో పెట్టె మోసుకుంటూ వచ్చి, "బస్టాండు ఎంత దూరమండీ?" అని అడిగాడు.

"ఆరు వందల నలభై మూడు అడుగులు."

అతను దండం పెట్టి కదలబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆగండి, అవి నా అడుగులు. మీ కాలు వేరు." జేబులోంచి టేపు తీసి, నడిరోడ్డు మీద మోకాళ్లపై కూర్చుని అతని కాలు కొలిచి, కాగితం మీద లెక్క కట్టి, "మీకైతే ఏడు వందల పన్నెండు" అని తేల్చేసరికి అతను ఎక్కాల్సిన బస్సు వాళ్ల పక్కనుంచే వెళ్లిపోయింది.

స్టేడియం గేటు దగ్గర టీ కొట్టతను ఈయన గారి కోసమే ఒక చెంచా అరగదీసి విడిగా పెట్టుకున్నాడు. చక్కెర ఏడున్నర గ్రాములు పట్టే చెంచా.

ఈ వైభవమంతా అందరికంటే దగ్గరగా చూసినవాడు ట్రెడ్‌మిల్ మెకానిక్. చదువు అంతంతమాత్రం. రంపపు మిల్లులో బెల్టులు మారుస్తూ మారుస్తూ మోటార్ల గుట్టు పట్టినవాడు. మాటలు చెప్పేవాళ్లంటే పడదు, పని తెలిసినవాళ్లంటే ప్రాణం. పంతొమ్మిదేళ్ల కిందట మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు దశాంశం గారు అడిగిన మొదటి ప్రశ్న, "బెల్టు పొడవెంత?"

"దాదాపు మూడున్నర మీటర్లుంటుంది సార్."

"దాదాపా! బయటికి నడువు!"

మెకానిక్ బయటికి నడిచాడు. గోడ పక్కన నిలబడి కాసేపు పళ్లు కొరికాడు. తర్వాత ఆలోచిస్తే పెద్దాయన తప్పేమీ అనలేదనిపించింది. టేపు తీసుకుని లోపలికి వెళ్లి, బెల్టు కింద దూరి కొలిచాడు.

"మూడు పాయింటు నాలుగు ఒకటి ఆరు."

"కూచో. టీ తాగుతావా?"

ఆ రోజు నుంచి నెలకో సోమవారం ఇద్దరూ కలిసి యంత్రాన్ని సరిచూసేవారు. బెల్టు మీద సుద్దతో అడ్డంగా గీత గీసి, తెర మీద గంటకు పది కిలోమీటర్లు పెట్టి, ఆ గీత ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టడం. "నిమిషానికి నలభై తొమ్మిది సార్" అనేవాడు మెకానిక్. "నలభై ఎనిమిది పాయింటు ఏడు తొమ్మిది" అనేవారాయన. "ఆ పాయింటు ఏడు తొమ్మిది సుద్ద గీతలో ఎలా కనిపిస్తుంది సార్?" అంటే, "పది నిమిషాలు లెక్కపెట్టు, కనిపిస్తుంది" అనేవారు. పది నిమిషాలూ లెక్కపెట్టేవాడు. అయ్యాక, తేడా ఉంటేనే మూత విప్పి, వేగాన్ని సరిచేసే చిన్న మరమేకు తిప్పి, దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టి ముద్ర వేసేవాడు. ఆ చుక్క చెదిరిందంటే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

దశాంశం గారికి ఆ పేరు పెట్టింది మెకానిక్ అక్క. తల్లి పోయాక ఆరేళ్ల తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. నడక పందేల మనిషి. ఆ పందెంలో ఒక పాదమైనా నేల మీద ఉండాలి, మోకాలు వంగకూడదు, కానీ పరుగంత జోరుగా పోవాలి. అలా పోతే నడుము ఎడాపెడా ఊగుతుంది. వీధిలో సాధన చేస్తుంటే జనం పగలబడి నవ్వేవారు. తమ్ముడు రాయి తీస్తే ఆవిడ ఆపేది. "నవ్వనీరా. వాళ్ల నవ్వు అయ్యేలోగా నేను మలుపు తిరిగిపోతా."

ఒకప్పుడు గంటకు పన్నెండు కిలోమీటర్లు నడిచిన మనిషి. పందేలు మానేశాక కూడా ప్రతి గురువారం గదికి వచ్చి ట్రెడ్‌మిల్ ఎక్కేది. వయసుతో నడక ఎలా తగ్గుతుందో తెలుసుకోవడానికి దశాంశం గారికి ఆవిడ లెక్కలు కావాలి. ఆవిడకు ఆయన్ని ఏడిపించడం కావాలి.

"మాస్టారూ, దాదాపుగా బాగున్నారా?"

"నూటికి ఎనభై ఒక్క పాళ్లు బాగున్నానమ్మా."

యాభై నాలుగో ఏట ఆవిడ కుడికాలు తడబడటం మొదలైంది. ఆసుపత్రివాళ్లు కాగితాలన్నీ చూసి, కండరాలు ఒక్కొక్కటే ఆగిపోయే జబ్బన్నారు. మందు లేదన్నారు. కాళ్లు ఆడినన్నాళ్లు నడిపించండి, మంచం ఎక్కితే ఇక దిగరు, అన్నారు.

అక్క ఆ మాట విని గురువారం మామూలుగానే వచ్చింది. బూట్ల లేసులు బిగించుకుంటూ ఇద్దరికీ చెప్పింది. "వినండి. తెర మీద పదికి ఒక్క పాయింటు తగ్గినా సరే, ఆ రోజే బూట్లు విప్పేసి ఇంట్లో పడుకుంటా. పది లోపల నడిచేది నడక కాదు, కూరగాయలకు పోవడం."

అక్క మాటంటే మాట. పక్కింటావిడతో పోట్లాడి "మీ గుమ్మం తొక్కను" అన్నందుకు, ఆవిడ ఇల్లు ఖాళీ చేసిపోయాక కూడా ఇరవై ఏళ్లు ఆ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు మంచం ఎక్కడమా, ఎక్కకపోవడమా అన్నది తెర మీది రెండంకెల చేతిలో ఉంది.

కానీ వారాలు గడిచినా తెర మీద పది తగ్గలేదు. నాలుగు నెలలైనా తగ్గలేదు. "ఇవాళెంత మాస్టారూ?" అని అడిగేది అక్క. "పది" అనేవారు దశాంశం గారు. అన్నాక ఎందుకో బయటికి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చేవారు. ఆసుపత్రివాళ్లు పొరబడ్డారేమోనని మెకానిక్‌కు ఆశ కూడా పుట్టింది.

ఒక గురువారం మధ్యాహ్నం అక్కను ఇంటికి తీసుకెళ్దామని ముందే వచ్చాడు. ఆవిడ మొహం కడుక్కోవడానికి వెళ్లింది. ఊరికే ఉండలేని చేతులు కదా, బెల్టు మీద సుద్ద గీత గీసి, పది పెట్టి లెక్కపెట్టాడు. నిమిషానికి నలభై ఒక్కసారే వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై ఒకటే. సోమవారాల్లో లెక్క సరిపోతుండటంతో నెలలుగా విప్పని మూత విప్పి చూస్తే మర మీద ఎర్ర చుక్క ఉంది. వేలితో తడిమాడు. వేలికి అంటుకుంది. రంగు కాదు, పెన్ను సిరా. కింద మర తల మొరటుగా గీసుకుపోయి ఉంది.

మెకానిక్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్! ఎవడో దొంగవెధవ నా మర తిప్పాడు. ఒకటిన్నర చుట్టు తిప్పాడు!"

"ఒకటిన్నర కాదు, ఒకటి పాయింటు నాలుగు రెండు" అన్నారు దశాంశం గారు, రాసుకుంటూ, తలెత్తకుండానే.

మెకానిక్ మూత కింద పెట్టి ఆయన రాత బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మీకెలా తెలుసు సార్?"

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. చివరికి నోట్‌బుక్ ఇటు తిప్పి చూపించారు. రెండు గళ్లు. ఒకదాని పైన "తెర" అని రాసి ఉంది. అందులో వరసగా అన్నీ పదులే. రెండోదాని పైన "నిజం". తొమ్మిది పాయింటు ఆరు రెండు. తొమ్మిది పాయింటు సున్నా ఐదు. ఎనిమిది పాయింటు ఎనిమిది ఒకటి. ఇవాళ్టిది ఎనిమిది పాయింటు నాలుగు సున్నా.

"గురువారం పొద్దున తిప్పుతాను, సాయంత్రం వెనక్కి తిప్పేస్తాను. మిగతా ఎవరి లెక్కా పాడవలేదు. పుస్తకంలో నేను అబద్ధం రాయలేదయ్యా. తెర ఒక్కటే..."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఆవిడ తమ్ముడివి. మొహం చూస్తూ చెప్పలేవు. నేనైతే పుస్తకంలోకి చూస్తూ చెబుతాను."

మెకానిక్ గోడవైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. ఇటు తిరిగినప్పుడు మాట పనివాడిదే. "మర ఇలా తిప్పుతారా సార్? తల చూడండి, ఎలుక కొరికినట్టుంది. అబద్ధమైనా సరిగ్గా చెయ్యొద్దూ?"

మర్నాడే ఆయన రాత బల్ల అడుగున చేతికందేలా, వేగం సరిచేయడానికి ఒక చిన్న బిరడా అమర్చాడు. చప్పుడు లేకుండా తిరుగుతుంది. దాని చుట్టూ గీతలు పెట్టాడు, పాయింటు తర్వాత రెండంకెల దాకా. అవి లేకపోతే ఆయన ఒప్పుకోరు.

ఇంకో ఏడు నెలలు అలా గడిచాయి. తెర మీద పది. కింద ఏడు, ఐదున్నర, నాలుగు. అక్క ముందు ఒక చేత్తో కడ్డీ పట్టుకుంది, తర్వాత రెండు చేతులతో. మెకానిక్ వెనక నిలబడి నడుముకు కట్టిన పటకా పట్టుకునేవాడు. "లాగకురా, నేను బండిని కాదు" అనేది. "ఇవాళెంత మాస్టారూ?" "ప... ది." బయట కుళాయి దగ్గర పుక్కిలింతల చప్పుడు.

చివరి గురువారం "నిజం" గడిలో పడింది ఒకటి పాయింటు ఆరు రెండు. ఆ తర్వాత కాళ్లు ఆడలేదు. తెర మాట తప్పలేదు, కాళ్లే తప్పాయి.

ఆ వారం ఇద్దరూ ఇంటికి వెళ్లారు. అక్క దిండుకు చేరబడి ఉంది. బూట్లు మంచం పక్కన జతగా పెట్టి ఉన్నాయి. దశాంశం గారు కుర్చీలో కూర్చుని నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకున్నారు.

"మాస్టారూ, నిమిషానికి రెండొందల అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచినదాన్ని. మొన్న లెక్కపెడితే నలభై. నలభై అడుగులకు పది కిలోమీటర్లు ఎలా వస్తాయి? నా కాళ్లేమన్నా తాటిచెట్లా?"

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి.

"తెలుసా అక్కా? ఎప్పట్నుంచి?"

"మొదటి గురువారం నుంచీ. ఒరేయ్, బెల్టు సంగతి నీకు చేతులు చెబితే నాకు కాళ్లు చెబుతాయి."

"మరి ఎందుకు ఊరుకున్నావ్? పది తగ్గితే బూట్లు విప్పేస్తానన్నావుగా?"

"తెర మీద తగ్గితే అన్నాను. తెర మీద తగ్గలేదుగా. మాటంటే మాటే." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "అదీగాక, ఈ మనిషి 'పది' అనడానికి ఎంత నరకం పడుతున్నాడో చూస్తుంటే, వచ్చే గురువారం ఎలాగైనా మళ్లీ వెళ్లాలనిపించేదిరా. మాస్టారూ, మీ ముప్పై తొమ్మిది కారణాల్లో ఇది లేదు. రాసుకోండి. నలభయ్యోది, మాస్టారి మొహం."

దశాంశం గారు పెన్ను తీశారు గానీ రాయలేకపోయారు.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి" అంది అక్క. "ఆసుపత్రి కాగితాలన్నీ చదివారు. నా ఊపిరి లెక్క మీ దగ్గరుంది. ఇంకెన్నాళ్లు? పాయింట్లతో సహా చెప్పండి."

మెకానిక్ దశాంశం గారి వైపు చూశాడు. ఆయనకు తెలుసు. లెక్క కట్టే ఉంటారు. అడిగితే చెప్పకుండా ఉండటం ఆ మనిషి వల్ల కాదు.

దశాంశం గారు నోట్‌బుక్ తెరిచారు. చాలాసేపు చూశారు. మూసేశారు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పుస్తకంలోకి కాకుండా మనిషి మొహంలోకి చూశారు.

"దాదాపు..." అన్నారు. "దాదాపు... చాలా రోజులమ్మా."

అక్క కళ్లు పెద్దవి చేసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "విన్నావురా తమ్ముడూ? దాదాపట! సాక్ష్యం నువ్వే! చచ్చేలోగా వింటాననుకోలేదు!"

అక్క ఆ తర్వాత ఎన్ని రోజులు ఉందో దశాంశం గారికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మెకానిక్ అడగలేదు.

ఆవిడ పోయాక పెద్దాయన మామూలు మనిషైపోయారు. అదే అందర్నీ భయపెట్టింది. టీ కొట్టతను పొరపాటున పెద్ద చెంచాతో చక్కెర వేస్తే మాట్లాడకుండా తాగేశారు. ఓ పరుగువాడు "ఓ అరగంట లేటుగా వస్తా సార్" అంటే "సరే బాబూ" అన్నారు. ఆ కుర్రాడు హడలిపోయి అరగంట ముందే వచ్చాడు.

నెల తిరిగాక సోమవారం మెకానిక్ సామాను సంచితో వచ్చాడు. బల్ల కింది బిరడా ఊడదీశాడు. పాత మర తీసేసి కొత్తది బిగించాడు. బెల్టు మీద సుద్ద గీత గీసి, పది పెట్టి, పది నిమిషాలూ లెక్కపెట్టాడు. నాలుగు వందల ఎనభై ఎనిమిది. ఎర్ర రంగు చుక్క పెట్టాడు, ఈసారి అసలు రంగే. దశాంశం గారు కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ ట్రెడ్‌మిల్‌ను చూస్తున్నారు.

"ఎంత వచ్చింది?" అన్నారు, ఏదో అడగాలి గనక.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"దాదాపు నలభై తొమ్మిది సార్."

కుర్చీ కిర్రుమంది. పెద్దాయన లేచి నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి.

"దాదాపా! బయటికి నడువు!"

మెకానిక్ బయటికి నడిచాడు. పంతొమ్మిదేళ్ల కిందట నిలబడ్డ గోడ పక్కనే నిలబడి మొహం చేతిగుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత టీ కొట్టువైపు చెయ్యి ఊపి కేకేశాడు.

"అన్నా, రెండు టీలు! ఒకటి ఆ అరిగిన చెంచాతో!"