పియానో కింది బండి

మా చర్చిలోని గ్రాండ్ పియానో భద్రాచలం దారిలో మూతపడిన ఒక మిషన్ బంగళా నుంచి వచ్చింది. ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం దాన్ని వాయించింది నా భార్య ఒక్కతే.

నేల కడగాలన్నా, పెళ్లికి చోటు కావాలన్నా దాన్ని జరపాల్సి వచ్చేది. కాళ్లకు ఇత్తడి చక్రాలున్నాయి గాని అవి చూపుకే. తోస్తే నేల రాళ్ల మధ్య చిన్న సందులో ఇరుక్కుంటాయి, బరువంతా పక్కకు ఒరిగి కాలు విరుగుతుంది. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ ఫిట్టర్‌గా రిటైరైన ఏడాది, ఆ మూడు కాళ్లనూ కలిపి పట్టుకునే మూడు చేతుల ఇనుప బండి చేశాను. ఒక్కో చేతి చివర కాలు కూర్చునే గిన్నె, పక్కన బ్రేకున్న పెద్ద చక్రం. కొలతలు ఇప్పటికీ నా డైరీలో ఉన్నాయి. ఆ తర్వాత పియానోను ఆమె ఒక్కతే తోసుకునేది.

పోయినేడు గ్రౌండులో సువార్త సభలప్పుడు చర్చి సెక్రెటరీ ఇంటికొచ్చాడు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న.

“అన్నా, నీ బండి అసుంటిది హైదరాబాద్‌ల గూడ లేదు. దానిమీద చెక్క పలక ఏసి స్పీకర్ డబ్బాలు గ్రౌండుకు కొంటవోతం. ఒక్క పూటనే.”

ఆ మొదటి మాటకే పడిపోయాను. సాయంత్రం నలుగురిని పెట్టుకుని, జాకీతో ఒక్కో కాలు లేపి బండి తీశాను. పియానో తన కాళ్ల మీద నిలబడింది. నేనొచ్చి మళ్లీ ఎక్కించేదాకా ముట్టొద్దని చెప్పాను. చెప్పాను గాని కాగితం రాసి అంటించలేదు. వర్క్‌షాప్‌లో అయితే అంటించేవాణ్ని.

“పొగిడితే ఇంటి తలుపులు గూడ ఊడదీసిస్తవ్” అన్నది నా భార్య, అన్నం వడ్డిస్తూ.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి పియానో ఒక మూల నేలకు ఆని ఉంది. స్టేజీ సామాను పెట్టడానికి చోటు కావాలని ఏడుగురు కలిసి తోశారట. కాలు విరిగి పడ్డ దెబ్బకు లోపలి పోత ఇనుప చట్రం పగిలింది. అది అతుక్కునేది కాదు.

“ఏందన్నా, గట్ల చూస్తవ్? ముసలి చెక్క. ఎన్నడైనా పోయేదే” అన్నాడు సెక్రెటరీ. పాస్టరు గారు ప్రార్థన చేద్దామన్నారు.

నా భార్యకు చెప్పడానికి ఎవరూ రాలేదు. నేనే చెప్పాను. “నీ బండి పైలంగున్నదా?” అని అడిగింది.

క్రిస్మస్ ముందు సెక్రెటరీ గేటు దగ్గర నిలబడ్డాడు. “కొత్త కీబోర్డు కొన్నమన్నా. అక్కను వాయించమను. పియానో కన్నా అల్కగుంటది.”

లోపల ఆమె గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తలేదు.

“నా చేతులు పడిపోయినయని చెప్పు” అన్నది.

గేటు దాకా వెళ్లి అదే చెప్పాను.

“అయ్యో. ఎప్పటిసంది?”

పియానో పడ్డ తారీఖు చెప్పాను. పాపం అంటూ తలూపాడు. అది ఏ రోజో అతనికి తట్టలేదు.