గడియ పెట్టి ఆడిన బేరం

మిర్యాలగూడలో నా అంత బేరగాడు లేడని పోలీసులనే గుమ్మం బయట నిలబెట్టిన ఘనుణ్ని నేను.

మా దుకాణం వెనక గదిలో కిరాయికుండే మిల్లు హమాలీ సైదులు, తాగొచ్చి భార్య నాగమ్మను గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. మా ఆవిడ ఫోన్ చేస్తే మహిళా కానిస్టేబుల్, ఆడవాళ్లకు ఆసరా ఇచ్చే సంస్థ నుంచి సరితమ్మ ఒకే ఆటోలో వచ్చారు.

"పక్కకు జరుగుండ్రి సేటూ," అంది కానిస్టేబుల్.

"జర ఆగుండ్రి మేడం. వాన్ని మాటతోని దింపుత."

మూడో మనిషి ఉంటే బేరం తెగదని లోపలికి వెళ్లి గడియ పెట్టాను.

"సైదులూ, ఈ నెల కిరాయి వద్దు. ఆమెను ఇడిసిపెట్టు."

"నా పెండ్లానికి ధర కడుతున్నవా?" అంటూ బస్తాలెత్తే ఇనుప కొక్కెం నా భుజంలో దించాడు. నేను కూలబడ్డాను. అడ్డొచ్చిన నాగమ్మ చేతిని మంచం పట్టెకేసి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అప్పటికి తలుపు బద్దలై, కానిస్టేబుల్ వాణ్ని నేలకు అదిమింది. సరితమ్మ మా ఇద్దరినీ దవాఖానకు చేర్చింది.

అక్కడ నాగమ్మ ఒక్కటే అడిగింది. "గడియ ఎందుకు పెట్టినవ్ సేటూ?"

ఇప్పుడు ఆమె సంస్థవాళ్ల వసతిగృహంలో ఉంటోంది. పిడికిలి ఇంకా పూర్తిగా మూసుకోదు. నా భుజానికి పడ్డ కుట్లు నా తెలివికి సరైన ధర. ఆ గడియ ఖరీదు మాత్రం నాగమ్మ కట్టింది.