కుక్కకు కట్టిన ఫ్లెక్సీ

మా కొత్తకోట బస్టాండులో బస్సుల టైములు రాసిన బోర్డు ఒకటి ఉందంటారు. నేనైతే చూడలేదు. దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. నడుమ నల్ల కండ్లద్దాల అన్న, చుట్టూ గుండ్రాల్లో తమ్ముళ్ళు. ఆ అన్న పుట్టినందుకు నాకేం అభ్యంతరం లేదు. వనపర్తి బస్సు ఎప్పుడొస్తదో మాత్రం ఆయన చెప్పడు.

వనపర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడం నా ఉద్యోగం. బస్సు కోసం ఎదురుచూడడం నా అసలు వృత్తి. అందుకని పొద్దుపొద్దున రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసే పెద్దమ్మ దగ్గర కూచునేవాణ్ణి. భర్త పోయి చానా ఏండ్లైంది ఆమెకు. ఆ రేకుల షెడ్డులోనే పొయ్యి, అందులోనే పడక. తోడుగా ఒక ఎర్ర కుక్క. దానికి పేరు లేదు. "ఓ" అంటే వచ్చేది, అనకున్నా వచ్చేది.

ఒకరోజు వెనక్కి వస్తున్న లారీ దాని నడుము మీదెక్కింది. నేను పోయేసరికి పెద్దమ్మ దాన్ని గోనెసంచి మీద పండబెట్టి, పొయ్యి ఆర్పేసి కూచుంది. ఆ పొయ్యి పగటిపూట ఆరి ఉండడం నేను అదే మొదలు చూడడం. ఇద్దరం ఆటోలో పశువుల దవాఖానకు తీసుకపోయినం.

"వెన్ను దెబ్బతిన్నది. వెనుక కాళ్ళు ఇగ రావు," అన్నాడు డాక్టరు. "మూత్రం గూడ దానంతటది పొయ్యలేదు, పూటపూట పొట్ట ఒత్తి తియ్యాలె. పుండ్లు పడకుండ మందులు, హైదరాబాద్‌ల ఒక స్కానింగు, నడిచేతందుకు చక్రాల బండి. గివన్నీ మీతోని కాదంటె ఒక సూది ఉన్నది. నొప్పి తెల్వకుండ పోతది."

"గా సూదికి పైసలా?" అడిగింది పెద్దమ్మ.

"లేదమ్మా, ఫ్రీ."

"మందులకు?"

"బయట కొనుక్కోవాలె."

ఆమె కుక్క చెవి నిమిరింది. "సంపేది ఫ్రీ, బతికిచ్చేది బయట," అని, "సూదొద్దు, పా సారూ," అని లేచింది.

రొట్టెల పైసలు మొదటి విడత మందులకే ఒడిసిపోయినయి. నేను స్టాఫ్ రూములో సాయం కోసం నోరు తెరిచి చూసిన. "ఆవైతే ఇస్తుంటి సార్," అన్నాడు ఒక మిత్రుడు, కుక్కది పుట్టుకలోనే తప్పన్నట్టు. ఇంకొకాయన వినాయక చవితి దాకా ఆగమన్నాడు, అప్పుడు జనం చందాల మూడ్‌లో ఉంటారట. అన్ని రోజులు కుక్క ఆగదు. సరే, మా ఊళ్ళో ఫ్లెక్సీ కట్టనిది ఏదీ జరిగినట్టు లెక్క కాదు గనుక, ఫ్లెక్సీ షాపుకే పోయిన.

"ఏ మోడల్ సార్? బర్త్‌డేనా, శ్రద్ధాంజలా?" అన్నాడు షాపాయన.

"సాయం అడిగే మోడల్."

"గట్లాంటిది లేదు సార్. చేస్త తియ్యి. పేరేంది?"

"లేదు."

"పేరు లేకుంటె ఫ్లెక్సీ ఎట్లుంటది సార్?" అని, నా ఫోన్‌లో ఫోటో చూసి "పాపం" అన్నాడు. ఆ 'పాపం' ఎటు పోతుందో నేను అప్పుడే ఆలోచించవలసింది.

తెల్లారి నేను పోయేసరికే షెడ్డు ముందర కట్టేసిపోయినరు. నడుమ గుండ్రంలో కుక్క, రిటైరైన హెడ్మాస్టరు లెక్క ప్రశాంతంగా ఉంది. దాని చుట్టూ బంతిపూల దండ. అటొక దీపం, ఇటొక దీపం. 'పెద్ద మనసుతో సాయం చేయండి' అన్న నా వాక్యం కింద ఒక మూలకు, చీమలు చదువుకునే సైజులో ఉంది. ఫోన్ చేసి దీపాలెందుకంటే, "ఖాళీగుంటె బాగుండదు సార్," అన్నాడు.

నేను సాయంత్రం బస్సు దిగేసరికి పెద్దమ్మ ఫ్లెక్సీ కింద పెట్టిన డబ్బా నిండి ఉంది. బస్సుల్లోంచి జనం చేతులెత్తి మొక్కుతున్నరు. గట్టు మండలం దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన రుమాలు విప్పి నోటు తీసి, "దినాలకు ఖర్సైతది, ఉంచుకో చెల్లె," అని పోయిండు. మా దిక్కు సావు దగ్గర చెయ్యి ఆగదు. అప్పియ్యనోడు గూడ దినాలకు బియ్యం పంపుతడు. షెడ్డు వెనుక గోనెసంచి మీద ఆ చనిపోయిన కుక్క, డబ్బాలో బిళ్ళ పడ్డప్పుడల్లా చెవులు లేపి చూస్తుంది.

"ఇది తప్పు కదా పెద్దమ్మా," అన్న మెల్లగా.

"నేను సచ్చిందన్ననా?" అంది. అని, కొంచెంసేపటికి తానే లేచింది. డబ్బాలో చెయ్యి పెట్టబోతున్న ఒక లారీ డ్రైవర్‌ను రెక్క పట్టి వెనక్కి తీసుకపోయి చూపించింది. "పాణం పోలే. గిదో, ఉన్నది."

"మరి నేను చెప్పులిడిసి మొక్కితి గదనే!"

"మొక్కితె మొక్కినవ్ తియ్. బతికున్నదానికి మొక్కితె చేతులు పడిపోతయా?"

ఆ డ్రైవర్ నవ్వి నోటు డబ్బాలో వేసిండు. తర్వాత వచ్చిన వాళ్ళందరూ అట్ల లేరు. "బతికే ఉందా," అనేవాళ్ళు, మోసపోయినట్టు. నేను తెల్ల కాగితం మీద 'ఇంకా బతికే ఉంది' అని రాసి దీపాల కింద అంటించిన. అది విన్నపం లెక్క లేదు, ఫిర్యాదు లెక్కుంది. డబ్బాకు ఆకలి మొదలైంది.

అప్పటికి చేరిన దాంతోనే మందులు, స్కానింగు అయినయి. డాక్టరు చెప్పిందే స్కానింగూ చెప్పింది. చిన్నపిల్లల పాత సైకిల్ చక్రాలతో వెల్డింగ్ షాపులో బండి చేయించినం. మొదట కుక్క దాన్ని కొరికింది. తర్వాత ఒప్పుకుంది. ఇప్పుడు గీర్‌గీర్‌మంటూ బస్టాండు దాకా వచ్చి నన్ను దింపిపోతుంది. బాగైందని చెప్పలేను. తుంటి మీద పుండు మానుతుంది, మళ్ళా లేస్తుంది. పెద్దమ్మ మూడు పూటలా నేల మీద కూచొని దాని పొట్ట ఒత్తుతుంది. లేచేటప్పుడు గుంజను రెండు చేతులతో పట్టుకుంటుంది. ఆ లేవడానికి పోయిన ఏడు కన్నా ఇప్పుడు ఎక్కువసేపు పడుతుంది. నేను చూడనట్టు రొట్టె తింటా.

మొన్న ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయిందని విప్పుతుంటే, పడెయ్యకు, వానకు కట్టెల మీద కప్పుతనంది. మడత పెట్టి ఇచ్చిన. ఆమె మోకాళ్ళు ఒత్తుకుంటూ, వెలిసిన బంతిపూల వైపు చూసింది.

"రేపు నా కాళ్ళు పడిపోతె, నాకు గూడ సచ్చిన మోడల్‌లనే కట్టియ్యి సారూ. బతికున్న మోడల్‌కు ఎవరూ ఇయ్యరు."